ఈతా, తాడీ, జీలుగూ

మా పుట్టింట్లో కల్లు అనే మాట పైకి అనేవారు కాదు. నాన్నగారు నర్సీపట్నంలో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. సాయంత్రం పూట ఎవడైనా రోడ్డు మీద తూలుతూ పోతుంటే అమ్మ కిటికీ రెక్క దగ్గరగా వేసేసి, "పుచ్చుకున్నట్టున్నాడు" అనేది. ఏం పుచ్చుకున్నాడని అడగకూడదని పిల్లలందరికీ తెలుసు. అలాంటి ఇంట్లో పెరిగిన నేను, పెళ్ళయిన మూడో ఏటికల్లా, ముంత మీదికి వంగి వాసన చూసి, అది తెల్లారగట్ల దింపిన కల్లో, నిన్నటి అడుగు కలిసిన కల్లో చెప్పగలిగేదాన్ని. ఆ విద్య నాకు నేర్పింది మా అత్తగారు.

డెబ్బైల మధ్యలో నా పెళ్ళి. అప్పటికే నేను ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. ఇద్దరికీ ఉద్యోగాలు ఊళ్ళోనే కనుక కాపురం నర్సీపట్నంలో పెట్టాం. అత్తగారు మాత్రం మాకవరపాలెం వైపు, బస్సు దిగి మైలు దూరం నడిస్తే వచ్చే పల్లెలో ఉండేవారు. మావగారు పోయి చాలా ఏళ్ళయింది. కొంచెం వరి, కొంచెం చెరుకు, మెట్ట మీద జీడితోట, అన్నీ ఆవిడే చూసుకునేవారు. పొలం గట్ల మీద పదో పన్నెండో తాడిచెట్లు, గెడ్డ ఒడ్డున ఈతచెట్లు ఉండేవి. ఆ చెట్లు గీసే ఆయన అదే ఊరివాడు. యాభై దాటినవాడు, ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ లేనట్టుండేవాడు. అత్తగారిని "అక్కా" అనేవాడు. చెట్లు గీసుకుంటున్నందుకు రోజూ పొద్దున్నే ఒక ముంత ఆవిడ అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు.

పెళ్ళయిన తొలి చలికాలంలో ఒక ఆదివారం మేమిద్దరం ఊరికి వెళ్ళాం. బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. అత్తగారు అరుగు మీద ఎండకి వీపు పెట్టి కూర్చుని, కంచు గ్లాసులో తెల్లగా ఏదో తాగుతున్నారు. మజ్జిగనుకున్నాను.

"రా అమ్మా, కూకో. బేగి వొచ్చినారు, మంచిదయింది. ఇంకా తియ్యగానే ఉంది," అని రెండో గ్లాసులో పోసి నా ముందు పెట్టారు.

వాసన తగిలి విషయం అర్థమైంది. నా ముఖం ఎలా మారిందో ఏమో గాని, మా ఆయన పక్కనుంచి నవ్వాపుకోలేక ఇంట్లోకి వెళ్ళిపోయారు.

"వద్దండీ అత్తయ్యా, నాకలవాటు లేదు," అన్నాను.

ఆవిడేమీ అనుకోలేదు. నా గ్లాసు కూడా తన గ్లాసులోకి ఒంపేసుకున్నారు. "నీ మొగుడూ అంతే. నా కడుపున పుట్టి కల్లు వాసన పడదంతాడు. ఏటి సేస్తాం! నాకు తోడు తాగీవోళ్ళు లేరు ఈ కొంపలో," అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పారంతే.

తర్వాత నెమ్మదిగా తెలిసింది, ఆవిడ తాగుడుకి ఎన్ని కట్టుబాట్లున్నాయో. కార్తీకమాసమంతా ముట్టరు. పోలిపాడ్యమి నాడు తెల్లారగట్ల గెడ్డలో దీపాలు వదిలి వచ్చాక, మర్నాటి నుంచి ఈతకల్లు మొదలు. శివరాత్రి దాకా అదే. ఎండలు ముదిరాక తాడి. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే గ్లాసు తోమి అటక మీద పెట్టేస్తారు. "వానాకాలం కల్లు నీళ్ళు, దానికి నోరు పాడు సేసుకోడం ఎందుకు," అనేవారు. ఏ కాలమైనా రోజుకి ఒకటే గ్లాసు, మహా అయితే ఒకటిన్నర. సారా మాటెత్తితే మాత్రం మండిపడేవారు. "అది నిప్పు. ఇది చెట్టు ఇచ్చీది. రెండూ ఒకటేటి?" అనేవారు.

నేను రుచి చూడడానికి కారణం తొమ్మిదో తరగతి పాఠం. అందులో కిణ్వప్రక్రియ గురించి ఉండేది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకి వస్తుంది అని ఏటేటా చెప్పేదాన్ని. రెండో చలికాలంలో ఒకనాడు అరుగు మీద కాపీలు దిద్దుతుంటే అత్తగారు పక్కన కూర్చుని, "ఏటమ్మా అది, బొమ్మ ఏసినారు?" అని అడిగారు. ఈస్ట్ కణం బొమ్మ. వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, ముంత నా వైపు జరిపారు. నురగ చిటపటమంటోంది.

"అయితే అది దీన్లో ఉందన్నమాట. నువ్వు సూసినావేటి ఎప్పుడైనా?"

"లేదండీ. పుస్తకంలో బొమ్మే."

"సూడకుండానే పిల్లలకి సెప్పేస్తన్నావా?" అన్నారు ఆశ్చర్యంగా.

ఆ మాట నన్ను పట్టుకుంది. మా స్కూల్లో ఒకే ఒక్క మైక్రోస్కోపు బీరువాలో తాళం వేసి ఉండేది. మర్నాడు ఇంకు సీసాలో కాస్త కల్లు పట్టుకెళ్ళి, ఇంటర్వెల్లో ల్యాబు తలుపు దగ్గరగా వేసుకుని గాజుపలక మీద ఒక చుక్క వేసి చూశాను. మొదట మసక. మర తిప్పగా తిప్పగా గుండ్రటి గింజలు కనిపించాయి, వందల కొద్దీ. కొన్నింటి పక్క నుంచి చిన్న మొగ్గలు పుట్టుకొస్తున్నాయి. అచ్చం పుస్తకంలో బొమ్మలాగే. నాలుగేళ్ళుగా చెబుతున్న పాఠం నేనే కొత్తగా విన్నట్టయింది. పిల్లల్ని పిలిచి చూపించాలనిపించింది గాని, వాసనకి వాళ్ళు ఏమంటారోనని ధైర్యం చాల్లేదు.

తర్వాతి ఆదివారం నేనే గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. చలికి ముంత చల్లగా ఉంది. మొదటి గుక్కకి లేత కొబ్బరినీళ్ళలాంటి తీపి, దాని వెనక కొంచెం పులుపు, నాలుక చివర చురుక్కుమన్నట్టు గాలి. ముక్కులో వాసన, నోట్లో రుచి రెండూ వేరువేరు సంగతులని అప్పుడే తెలిసింది. అత్తగారు నా ముఖం వంకే చూస్తున్నారు.

"ఎలాగుంది?"

"బాగుంది," అన్నాను. నిజంగానే బాగుంది.

ఆవిడ లోపలికి కేకేశారు, "ఓరే, నీ పెళ్ళానికి బాగుందంట్రా!" అని. మా ఆయన కిటికీలోంచి తల పెట్టి, "మీరూ మీరూ ఒకటైపోయారన్నమాట," అన్నారు. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దుట మా ఆయన జీడితోట చూడ్డానికి వెళ్ళడం, మేమిద్దరం అరుగు మీద కూర్చోవడం రివాజయింది.

గీసే ఆయనకి కూడా ఉత్సాహం వచ్చింది. పొద్దున్నే ముంతతో పాటు కబుర్లూ మోసుకొచ్చేవాడు. ముంత మూతికి తాటి పీచు కుక్కి వంచితే చీమలూ తేనెటీగలూ దానికే చిక్కుకుని కల్లు శుభ్రంగా దిగేది. కుండలు రోజూ కడిగి, గడ్డి మంట మీద పొగపట్టి ఆరబెట్టేవాడు. "కుండ కంపు కల్లుకి పట్టీస్తది పంతులమ్మా. చెట్టుది తప్పుండదు, మనిసిదే తప్పు," అనేవాడు. ఒకే గట్టు మీద పక్కపక్కనున్న రెండు తాడిచెట్ల కల్లు వేరువేరు ముంతల్లో తెచ్చి, రెండూ తాగించి, తేడా చెప్పమనేవాడు. ఒకటి చిక్కగా, బెల్లం పాకం ఛాయతో. రెండోది పలచగా, కొంచెం వగరుగా. వేసవిలో తాడికల్లు పదింటికి ఒక రకం, పన్నెండుకి మరో రకం. పొద్దుటి తీపి అత్తగారికి, పది గంటలప్పుడు నురగ కట్టే వేళ నాకు ఇష్టం. పక్కన వేయించిన జీడిపప్పు మీద ఉప్పూ కారం జల్లి ఒక పళ్ళెంలో, మెత్తళ్ళనే చిన్న ఎండుచేపల వేపుడు మరో పళ్ళెంలో ఉండేవి.

అలా అయిదారేళ్ళు గడిచాయి. ఒక మాఘమాసంలో, ఈతకల్లు తాగుతూ అత్తగారు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. ఆవిడకి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న బండి మీద ఉప్పూ ఎండుచేపలూ వేసుకుని కొండవార సంతకి వెళుతూ ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళారట. తిరుగు దారిలో ఒక కొండామె ఆకు దొన్నెలో జీలుగుకల్లు పోసి ఇచ్చిందట.

"మళ్ళీ అలాటి రుసి ఎరగను. యాభయ్యేళ్ళు దాటిపోనాది. ఈతా తాగినాను, తాడీ తాగినాను. అది మాత్రం మళ్ళీ దొరకలేదు," అన్నారు.

"వెళదామా అత్తయ్యా?" అన్నాను.

"ఎక్కడికి?"

"కొయ్యూరు. బస్సుంది కదా. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఆ పక్క ఊళ్ళోనే బాలవాడీ టీచరుగా చేస్తోంది. వాళ్ళ నాన్న జీలుగు గీస్తాడని ఎప్పుడో చెప్పింది."

ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. "నిజంగానేటి?"

రెండో శనివారం సెలవు చూసుకుని బయల్దేరాం. ముందే ఉత్తరం రాసి పెట్టాను. అత్తగారు ముందురోజే మా ఇంటికి వచ్చేశారు. పెట్టెలోంచి తీసిన మంచి నేతచీర కట్టుకుని, మా ఆయన తెచ్చిపెట్టిన పాలక్యాను చేత్తో పట్టుకుని, తెల్లవారే సరికి గుమ్మంలో నిలబడ్డారు. మొదటి బస్సెక్కాం. కృష్ణదేవిపేట దాటాక రోడ్డు కొండల్లోకి తిరిగింది. ఆవిడ దారంతా కిటికీలోంచి తల తిప్పలేదు. నేనేదో అడిగితే, "ఉండమ్మా, సూడనీ," అన్నారు.

ఆ అమ్మాయి కొయ్యూరులో బస్సు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి చేతులు కట్టుకుంది, పదో తరగతిలో ఉన్నప్పటిలాగే. అక్కడి నుంచి వాళ్ళ ఊరికి గంట నడక. అత్తగారు మా ఇద్దరికంటే ముందు నడిచారు. ఇంటి వెనక, గెడ్డ పక్కన జీలుగుచెట్టు. అంతవరకు నేను ఆ చెట్టు చూడలేదు. ఆకులు చేప తోకల్లా చీలి ఉంటాయి. గెలలు చెట్టు నుంచి జడలు విరబోసినట్టు కిందికి వేలాడుతున్నాయి. చెట్టుకి ఒంటి వెదురు బొంగు కట్టి ఉంది, కణుపు కణుపుకీ అడుగు పెట్టేంత జాగా వదిలి. అమ్మాయి తండ్రి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మమ్మల్ని చూసి నవ్వి, ఆ బొంగు మీదుగా చకచకా పైకి వెళ్ళి కుండ దింపుకొచ్చాడు. ఎండిన ఆనపకాయ బుర్రలోకి వంచి, ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలి, తర్వాత అడ్డాకు దొన్నెల్లో పోశాడు.

నాకైతే ఒళ్ళు ఝల్లుమంది. ఈతకల్లు కంటే చిక్కన, తీపి కూడా ఎక్కువ, ఏదో అడవిపువ్వు వాసన. అద్భుతం అనబోతూ అత్తగారి వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, నోట్లో కాసేపు ఉంచుకుని, మింగి, కళ్ళు తెరిచారు.

"ఇది కాదు," అన్నారు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చిన అతిథి ఆ మాట అనవచ్చునా? ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. తండ్రి మాత్రం పెద్దగా నవ్వి, మా అత్తగారి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏ పూట తాగినావమ్మా నువ్వు?"

"సంత నుంచి తిరిగొచ్చీటప్పుడు. పొద్దు వాలుతుంది."

"మరదీ! ఇది పొద్దుటిది. ఉండు. మజ్జాన్నం తాగుదువు గాని."

ఉండిపోయాం. వాళ్ళావిడ సామల అన్నం వండి, కందిపప్పు, కాల్చిన ఎండుచేప పెట్టింది. అత్తగారూ ఆవిడా ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతున్నా గంటల తరబడి మాట్లాడుకున్నారు. పసుపు ఎలా ఉడకబెడతారు, కోళ్ళకి తెగులొస్తే ఏం వేస్తారు, ఇవే. నేను చాప మీద ఒక కునుకు తీశాను. ఎండ కొంచెం చల్లబడ్డాక ఆయన మళ్ళీ బొంగెక్కి రెండో కుండ దింపాడు. ఈసారిది వేరు. తీపి తగ్గి, పులుపు పట్టి, ఘాటుగా ఉంది.

అత్తగారు దొన్నెడూ ఖాళీ చేశారు. అందరం ఆవిడ నోటి వంక చూస్తున్నాం. ఆవిడ నిదానంగా మూతి తుడుచుకున్నారు.

"ఇదీ కాదు," అని, మా మొహాలు చూసి నవ్వేశారు. "అప్పుడు నాకు పదేళ్ళమ్మా. ఆ నోరు ఇప్పుడెక్కడిది? అది దొరకదు. ఇది బాగుంది. ఇంకొంచెం పొయ్యి నాయనా."

ఆ ఇంటాయన నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తున్నట్టే ఉంటుంది. ఆవిడకి మరో దొన్నె పోసి, మా క్యాను కూడా నింపి ఇచ్చాడు. ఎంత బతిమాలినా ఏమీ పుచ్చుకోలేదు. అత్తగారు తన సంచీలోంచి జీడిపప్పు మూట తీసి వాళ్ళావిడ ఒళ్ళో పెట్టారు.

బస్సు ఎక్కడానికి బేగి బయల్దేరాలన్న కంగారులో క్యాను మూత నేనే బిగించాను. తొణికి చీర మీద పడుతుందేమోనని మూత మీద గుడ్డ వేసి, పురికొసతో మూడు చుట్లు చుట్టి ముడేశాను. సీటు కింద, నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

కృష్ణదేవిపేటలో బస్సు ఆగినప్పుడు మా హెడ్మిస్ట్రెస్ గారు ఎక్కారు. ఆవిడ గుంటూరు వైపు నుంచి ఆ ఏడే బదిలీ మీద వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి, ఒంటరిగా ఉండేవారు. స్టాఫు రూములో ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆ ఊళ్ళో బంధువులెవరినో చూడ్డానికి వచ్చి తిరిగి వెళుతున్నారట. నా నమస్కారానికి తల పంకించి సరిగ్గా మా ముందు సీట్లో కూర్చున్నారు. నేను కాళ్ళతో క్యాను ఇంకొంచెం లోపలికి నెట్టాను.

రోడ్డంతా గతుకులు. ఒక్కో గతుక్కి క్యాను ఎగిరి పడుతూ మళ్ళీ నా కాళ్ళ ముందుకి జరిగొచ్చింది. నాలుగు మైళ్ళు వెళ్ళామో లేదో, కాళ్ళ దగ్గర ఢామ్మని శబ్దం. పురికొస తెగి, మూత ఎగిరి బస్సు కప్పుకి తగిలి డ్రైవరు వెనక పడింది. తెల్లటి నురగ ఫౌంటెన్లా తలల పైదాకా లేచి నా చీర, అత్తగారి చీర, హెడ్మిస్ట్రెస్ గారి వీపు, జడ, కళ్ళద్దాలు అన్నీ తడిపేసింది. బస్సు ఆగిపోయింది.

"ఏటది? బాంబేటి?" అని కండక్టరు పరిగెత్తుకొచ్చాడు.

నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అత్తగారు మాత్రం నిబ్బరంగా క్యాను పైకెత్తి లోపలికి చూశారు.

"బాంబెందుకు బాబూ, కల్లు. జీలుగుకల్లు. సగం పోనాది. సగం ఉంది. నీక్కావాలేటి?"

బస్సంతా గొల్లుమంది. వెనక సీటు నుంచి ఎవరో, "నాక్కావాలి పెద్దమ్మా!" అన్నారు. కండక్టరు కూడా నవ్వుతూ రైట్ రైట్ అన్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వెనక్కి తిరిగి నన్ను ఒక్కసారి చూశారు. మళ్ళీ ముందుకి తిరిగిపోయారు. నర్సీపట్నం వచ్చేదాకా ఆ తడిసిన వీపు నా కళ్ళ ముందే ఉంది.

ఆదివారమంతా సంజాయిషీ మాటలు కూడగట్టుకుంటూ గడిపాను. మెమో ఇస్తారనుకున్నాను. మా ఆయన, "పోనీ ఆవిణ్ణి కూడా తాగించకపోయావా, పీడా పోయేది," అని వేళాకోళమాడితే కసురుకున్నాను. సోమవారం ప్రార్థన అవగానే కబురొచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు ఏదో రిజిస్టరు మీద సంతకాలు పెడుతున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"తొమ్మిదో తరగతికి కిణ్వప్రక్రియ పాఠం చెప్పేది మీరే కదూ?"

"అవునండీ."

"బొగ్గుపులుసు వాయువు వస్తుందని చెబుతారు కదూ?"

"చెబుతానండీ."

"మరి క్యాను మూత అంత గట్టిగా ఎందుకు బిగించారండీ?"

ఆవిడ తలెత్తారు. ముఖంలో నవ్వు లేదు గాని కళ్ళలో ఉంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో తాటితోపు ఉండేదనీ, చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు తాతగారు పొద్దున్నే తాటాకు దొప్పలో తీపికల్లు పట్టేవారనీ, ఉద్యోగంలో చేరాక మళ్ళీ ఆ వాసన కూడా తగల్లేదనీ చెప్పారు.

"మొన్న బస్సులో నా చీరంతా తడిసింది చూశారా, ఇంటికెళ్ళి వెంటనే తడపలేదండీ నేను. కాసేపు అలాగే కూర్చున్నాను," అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "మీ అత్తగారి ఊరు ఎంత దూరం?" అని అడిగారు.

తాడికల్లు మొదలయ్యాక మొదటి ఆదివారం ఆవిడ వచ్చారు. హెడ్మిస్ట్రెస్ వస్తున్నారని తెలిసి, గీసే ఆయన జన్మలో మొదటిసారి చొక్కా వేసుకుని ముంత తెచ్చాడు. అత్తగారు నులకమంచం మీద దుప్పటి పరిచారు. హెడ్మిస్ట్రెస్ గారు మొదట మంచం అంచున, స్టాఫు మీటింగులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. ఒక గ్లాసు అయ్యేసరికి చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

"ఏటమ్మా, మీ వైపు తాడికీ మా తాడికీ తేడా ఏటైనా ఉందా?" అని అడిగారు అత్తగారు.

"మీది కొంచెం పులుపెక్కువండీ."

"అదేటి! ఓరి తమ్ముడూ, ఇన్నావా? మన తాడి పులుపంట!"

గీసే ఆయన ఆ మాట ఊరికే పోనివ్వలేదు. తర్వాతి ఆదివారం నాలుగు చెట్ల కల్లు నాలుగు ముంతల్లో తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ నాలుగూ రుచి చూసి, మూడోది బాగుందన్నారు. అది అన్నిటికంటే పుల్లనిది! అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "పులుపని వంక పెట్టి, పులుపే తాగుతాది," అన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు కూడా నవ్వారు, పెద్దగా, నోరు మూసుకోకుండా. తీపంటే చిన్నప్పటి ఇష్టమనీ, ఇప్పుడు నోరు పులుపు కోరుతోందనీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆవిడ కోసం ఒక ముంత మధ్యాహ్నం దాకా నీడలో ఉంచేవాళ్ళం.

ఆవిడ ఉన్న నాలుగేళ్ళూ మా అరుగు మీద ముగ్గురం. చలికాలం ఈత, ఎండాకాలం తాడి. అత్తగారు పొలం కబుర్లు చెప్పేవారు. హెడ్మిస్ట్రెస్ గారు కృష్ణా ఒడ్డున తన చిన్నతనం చెప్పేవారు. నేను మధ్యలో ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. స్కూల్లో మాత్రం మళ్ళీ ఆవిడ హెడ్మిస్ట్రెస్, నేను టీచర్ని. ఒకసారి నేను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే రిజిస్టర్లో ఎర్రసిరా గీత పెట్టేశారు. ఆ ఆదివారమూ మామూలుగానే వచ్చి, మామూలుగానే గ్లాసు అందుకున్నారు. ఆవిడ పద్ధతి అది. నాకూ నచ్చింది. మైక్రోస్కోపు సంగతి చెప్పినప్పుడు, "పిల్లలకి చూపించండి. వాసన వస్తే కిటికీలు తెరవండి," అన్నారు. ఆ ఏడు తొమ్మిదో తరగతి పిల్లలందరూ వరసలో నిలబడి ఈతకల్లు చుక్కలో ఈస్ట్ చూశారు. ముక్కులు మూసుకుని చూశారు గాని, చూశారు.

తర్వాత ఆవిడకి సొంత జిల్లాకే బదిలీ అయింది. ఆవిడకి ఆనందమే, మాకే వెలితి. వెళ్ళేరోజు అత్తగారు నర్సీపట్నం దాకా వచ్చి బస్సెక్కించారు. నెల తిరక్కుండానే కార్డు వచ్చింది. అత్తగారి ఆరోగ్యం అడిగి, చివర్లో, "ఈ ఏడు ఈత ఎలా ఉంది?" అని రాశారు. చదివి వినిపించాను. అత్తగారు నిటారుగా కూర్చున్నారు.

"జవాబు రాయి."

"ఏమని రాయమంటారు?"

"ఉన్నదున్నట్టు రాయి."

అప్పటి నుంచి ఎనభైల చివరిదాకా కాలానికొక ఉత్తరం. చెప్పేది అత్తగారు, రాసేది నేను. క్లాసులో నోట్సులు తప్ప ఎరగని నా చేతికి రాతంటే ఏమిటో ఆ ఉత్తరాలే నేర్పాయి. నేను సొంతంగా ఏదైనా చేరిస్తే ఆవిడ ఊరుకునేవారు కాదు. ఒకసారి తుపాను వెళ్ళిన చలికాలం, "మధురమైన ఈతకల్లు" అని రాసి చదివితే, "మధురమేటి? వానెక్కువై నీల్లలాగుంటే! కొట్టీ ఆ మాట," అన్నారు. కొట్టేశాను.

"రాయి. ఈ ఏడు గెడ్డ పొంగింది. ఈత పలచగా ఉంది, పులుపు బేగి ఎక్కతంది. తమ్ముడికి మోకాలు నొప్పి, నాలుగు చెట్లే గీస్తన్నాడు. అయినా బాగానే ఉంది. నానూ నా కోడలూ రోజూ కాకపోయినా ఆదివారం తాగుతన్నాం. జీడి బాగా పూసింది. తాడి వొచ్చీనాటికి మీరొకసారి వొచ్చి ఎల్లండి. రాసినావా?"

"రాశానండీ."

"అయితే సంతకం నాది పెట్టు," అని, నా చేతిలో పెన్ను అందుకుని, కార్డు అడుగున ఒక వంకర గీత తనే గీశారు.